తెర మడతలో ఓడ

ఇరవై ఏళ్ళకు పైగా నేనొక కిటికీ తెరను మోస్తున్నాను. తెర ఏమంత బరువని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కుట్టినవాణ్ణి నేనే కదా, దాని తూకం నాకు తెలుసు. మడిస్తే చంకలో ఇమిడే గుడ్డ. గాలి వస్తే దానంతట అదే లేచిపోతుంది. నా గుండె మీద పడింది మాత్రం ఇన్నేళ్ళుగా లేవలేదు.

ఇవ్వాళ లేస్తుందేమో. అందుకే పొద్దుటి నుంచి దారి వైపే చూస్తున్నాను. భయమా? భయం ఉంది. కానీ భయాన్ని పక్కకు నెట్టి ఇంకేదో గంతులు వేస్తోంది లోపల. పండగనాడు కొత్త చొక్కా తొడుక్కోబోయే పిల్లాడికి ఉంటుందే, అది. తప్పు ఒప్పుకునేవాడు తల వంచుకోవాలి గానీ గంతులేయవచ్చునా? ఏమో. తప్పు చేసిననాడూ ఇట్లాగే గంతులేశాను. మనిషిని మార్చడం నా వల్ల కాలేదు. మాటనైనా మారుస్తాను.

నా పేరు అక్కరలేదు. గిద్దలూరులో స్టేషనుకు పోయే దారిలో ఒక వసారా, వసారాలో ఒక కుట్టుమిషను, మిషను వెనక ఒక బట్టతల. అందరికీ బట్టలు కుట్టి కుట్టి నాకు మిగిలిన బట్ట అదొక్కటే. అప్పట్లో మాత్రం జుట్టు ఉండేది. పొగరు కూడా ఉండేది.

రైలు దారి చూసే ఇంజనీరు దొర ఒకాయన స్టేషను అవతలి బంగళాలో దిగినాడు. ఆయన వెంట దొరసాని. ఒకరోజు వాళ్ళ బట్లరు నా మిషను ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారికి పాత పూలు కావాలంట. నిన్ను పిల్చకరమ్మన్నారు."

"పాత పూలా? వాడిపోయి ఉంటాయి గదన్నా."

"ఏందప్పా నీ ఎకసెక్కాలు! తల్లో పెట్టుకునే పూలు గాదు. గుడ్డ మింద పూలు."

పోయాను. దొరసాని ఒక పాత దిండు గలీబు తెచ్చి, పసిబిడ్డను అందించినట్లు నా చేతుల్లో పెట్టింది. అబ్బ! ఎట్లా చెప్పను? చేటంత పువ్వు, కాలిన ఇటుక రంగు. దాన్ని చుట్టుకుని పాకే తీగ. తీగ మీద ఒక పిట్ట, ఎగరబోతూ ఎందుకో ఆగినట్లు. తెలుపు తెలుపుగా లేదు, పేరుకున్న నెయ్యి రంగు. ఆకుపచ్చ ఎండిన వేపాకు. ప్రతి రంగూ నెమ్మదిగా మాట్లాడుతోంది. అరిచే రంగు ఒక్కటి లేదు.

బట్లరు తెలుగులో చెప్పాడు. అది ఆమె అవ్వ ఇంట్లోదట. ఆ అవ్వ ఇంట్లో కిటికీలకూ కుర్చీలకూ మంచాలకూ అంతా ఇట్లాంటి గుడ్డేనట. ఏనాడో మన సముద్రపు ఒడ్డున అద్దిన గుడ్డలు ఓడలెక్కి వాళ్ళ దేశం పోయినాయట. దొరసాని చిన్నప్పుడు ఆ తెరల్లో దాక్కునేదట. చెన్నపట్నం అంగళ్ళన్నీ తిరిగినా దొరికినవన్నీ కొత్తవి, కళ్ళలో పొడిచే రంగులు. ఆమెకు ఆ ఇల్లు కావాలి. ఈ ఎండల్లో, ఈ నల్లమల అంచున, ఆమెకు అవ్వ ఇల్లు కావాలి.

"దొరుకుతాది," అన్నాను.

ఎందుకన్నాను? ఎన్నోసార్లు అడిగాను నన్ను నేను. దొరసాని మెప్పు కోసమా? బంగళా పని దొరికితే వసారా కాస్తా దుకాణమవుతుందనా? అవన్నీ ఉన్నాయి. కానీ మొదటిది అది కాదు. ఆ పువ్వును చూడగానే, ఇట్లాంటి గుడ్డను నా కత్తెర కింద ఒక్కసారి పరుచుకోవాలని ఒళ్ళంతా ఆకలి పుట్టింది. నోరు తెరిస్తే ఆ ఆకలే మాట్లాడింది.

మార్కాపురం పోయి అంగడి అంగడీ తిరిగాను. పాత చీటీ గుడ్డ, అదే పూలద్దకం గుడ్డ, ఎవరిదగ్గరుంటుంది? దొరికిందల్లా పూలచ్చు వేసిన మిల్లు చీటీ. పువ్వు బాగుంది, తీగా బాగుంది, పిట్ట కూడా ఉంది. రంగులు మాత్రం తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల్లా గగ్గోలు. గుడ్డ తాను అంచున నీలిరంగు ముద్ర, ఒక ఓడ బొమ్మ. దొరల సీమ నుంచి ఓడ మీద వచ్చిందని గుర్తు. ఏం చేయాలో తెలియకుండానే తానుకు తాను కొనేశాను.

ఏం చేయాలో చెన్నమ్మత్త దగ్గర తెలిసింది.

చెన్నమ్మ మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న పల్లెలో గొర్రెలు కాసే ఇంటి మనిషి. నాకు చుట్టమేమీ కాదు. నేను అత్తా అనేవాణ్ణి, ఆమె అల్లుడా అనేది. ఆ వరస మీద మా ఇద్దరికీ వేళాకోళాలు చెల్లేవి. ఒకరోజు ఆమె దొడ్డి ముందు ఆమె మొగుడి తలగుడ్డ కంప మీద ఆరుతోంది. ఒకప్పుడు ఎర్రగా ఉన్న గుడ్డ. ఇప్పుడు దాని రంగు చూసి నేను దారిలోనే నిలబడిపోయాను. కాలిన ఇటుక రంగు!

"అత్తా, ఇదెప్పటి గుడ్డ?"

"మొన్నటిదే. ఆయప్ప దొడ్లో పారేసుకున్యాడు. గొర్రెలు తొక్కి తొక్కి పెంటలో కూరినాయి. తీసి చూస్తే తాతల నాటిది అయిపోయింది. ఏందల్లుడా, దెయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు?"

దెయ్యం కాదు, దారి కనిపించింది. తాను మొత్తం తెచ్చి కరక్కాయ నీళ్ళలో నానబెట్టాను. తర్వాత చెన్నమ్మత్త దొడ్డిలో, తడి ఎరువులో, పొరలు పొరలుగా పాతిపెట్టాను. పాతిపెడితేనే పాతదవుతుందని నాకప్పుడు ఎంత మురిపెమో! ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వేది. "కొత్త గుడ్డను పెంటలో పూడ్చేటోన్ని నిన్నే చూస్తి. నీకు పిల్లనిచ్చినోడు ఎవుడు నాయనా?" అని.

తీసిన రోజు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. వాగులో ఉతికి, కుంకుడు రసంలో ముంచి, మళ్ళీ ఉతికి, దొడ్డి కంప మీద పొడుగునా ఆరేశాం. ఎండ పడింది. పువ్వు నెమ్మదించింది. ఆకు వేపాకైంది. తెలుపు నెయ్యిలా పేరుకుంది. పిట్ట ఎగరబోతూ ఆగింది. నేను ఎగిరాను! నిజంగానే ఎగిరాను, చిన్నపిల్లాడిలా, రెండు కాళ్ళూ నేల మీంచి లేపి. చెన్నమ్మత్త చప్పట్లు కొట్టింది. గొర్రెలు బెదిరి ఒక మూలకు పోయాయి. నా బతుకులో అంతటి సంబరం ఇంకొకటి లేదు. పెళ్ళినాడు కూడా లేదు. ఈ మాట ఇంట్లో చెప్పకండి.

ఒక్కటి మాత్రం పోలేదు. ఓడ. పూలన్నీ వెలిసినా ఆ నీలి ముద్ర వెలవలేదు. కత్తిరించేద్దామంటే గుడ్డ చాలదు, బంగళా కిటికీలు మనిషికి రెండింతలు. అందుకని ఒక తెర అడుగున ముద్రను మడత లోపలికి తోసి, దాని మీద గట్టి కుట్టు వేశాను. కత్తెరలోనే తెర ఉంది చూశారా? కుట్టుకూ కుట్రకూ కూడా పెద్ద దూరం లేదు. ఇవన్నీ అప్పుడు తట్టి ఉంటే బాగుండేది. నాకు తెలివి ఎప్పుడూ కుట్టడం అయ్యాకే వస్తుంది.

తెరలు కట్టాను. వెదురు కుర్చీలకు గలీబులు తొడిగాను, సోఫాకు బూరుగు దూది కూరి పువ్వు సరిగ్గా నడుమకు వచ్చేలా గుడ్డ బిగించాను. దొరసాని గదిలోకి వచ్చింది. గడపలోనే ఆగిపోయింది. నోటి మీద చేయి పెట్టుకుంది. తర్వాత, నమ్ముతారో లేదో, పోయి తెర వెనక దాక్కుంది. దొరసాని! అంత మనిషి! తెర వెనక నుంచి ఆమె నవ్వు వినబడింది. బట్లరు నావైపు చూశాడు, నేను బట్లరు వైపు చూశాను.

ఆ నవ్వు ఆగింది. తెరలోంచి ముక్కు బయటికి వచ్చింది. ఏదో అడిగింది.

"గొర్రె వాసన ఏందని అడగతాండారు," అన్నాడు బట్లరు.

చచ్చాను. ఎన్ని ఉతుకులు ఉతికినా, ఎండ తగిలి గుడ్డ వేడెక్కితే దొడ్డి లేచి వస్తోంది. ఇక్కడే, ఈ గడప దగ్గరే, నేను నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పి ఉంటే ఆమె నవ్వేదేమో. పాతదిగా చేసిన పద్ధతికే మెచ్చుకునేదేమో. కానీ నా నోటికి అబద్ధం అందుబాటులో ఉంది. ఇది చెన్నమ్మ అనే గొర్రెలామె ఇంటి గుడ్డ, అన్నాను. ఆమె ముత్తవ్వ ఒక పాలెగాడి ఇంటికి పాలు పోసేదనీ, పాలెగాడి భార్య పురుడు పోసుకున్నప్పుడు ఈ గుడ్డ బహుమానంగా ఇచ్చిందనీ, తరతరాలుగా గొర్రెల మధ్య మూటలో దాచుకున్నారనీ అన్నాను. చెబుతూ చెబుతూ నేనే ఆ ముత్తవ్వను చూశాను. పాల కుండ కూడా చూశాను. దొరసాని కళ్ళు చెమర్చాయి. గుడ్డ కన్నా కథ ఎక్కువ నచ్చింది ఆమెకు. వచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పుకుంది. ఇంకో ఇద్దరు దొరల ఇళ్ళ నుంచి నాకు కబురు వచ్చింది. నేను నేల మీద నడవడం మానేశాను.

సీమవాళ్ళ కొత్త సంవత్సరం నాడు ఊళ్ళ పెద్దలు నిమ్మకాయలు తీసుకుని దొరను చూడబోయే ఆచారం ఉండేది కదా. చెన్నమ్మ పల్లె మునసబు కూడా పోయాడు. నిమ్మకాయ దొర చేతిలో పెట్టబోతూ తెరను చూశాడు. చూసి, నిమ్మకాయ జారవిడిచాడు.

అది వాళ్ళ ఊరి అమ్మవారి చాందినీ అట. గర్భగుడిలో విగ్రహం పైన కట్టే పూల గుడ్డ. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తుకుపోయారట. అదే పువ్వు, అదే తీగ, అదే పిట్ట! ఒట్టేసి చెప్పాడు. ఆయన అబద్ధమాడలేదు. మనసులో దాచుకున్న పాత గుడ్డ, ఎదురుగా ఊగుతున్న పాత గుడ్డ, రెండూ కలిసిపోయాయి. నా పనితనం అంత గొప్పగా కుదిరింది. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే కూడా లోపల ఎక్కడో మురిసే వెధవ ఒకడున్నాడు. వాణ్ణి ఏం చేయాలో నాకు తెలియదు.

ఎవరిచ్చారని అడిగితే దొరసాని సంబరంగా చెన్నమ్మ పేరు చెప్పింది.

చావడి ముందు పంచాయతీ పెట్టారు. ఓడ ఉన్న తెరనే తెచ్చి మధ్యలో పరిచారు. చెన్నమ్మత్త గొర్రెబొచ్చు కంబడి భుజాన వేసుకుని వచ్చింది. ఆమెకు భయమేమీ లేదు. నన్ను చూసి, ఏందల్లుడా ఈ గోల, అన్నట్లు తల ఎగరేసింది.

"నాయన్లారా, అది కొత్త గుడ్డ. మొన్న ఈయప్పే నా దొడ్లో పాతిపెట్టినాడు. తీసి నేనే ఉతికినా," అంది.

ఊరంతా నవ్వింది.

"గొర్రె పెంటలో నానితే నూరేండ్ల గుడ్డ అయితాదంటనే! అట్లయితే మమ్మల్ని గూడా కొంచెంసేపు పూడ్చు, పెద్దోళ్ళమైతాం," అన్నాడొకడు.

మునసబు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. నీది గుడ్డల పని. ఇది కొత్తదా, పాతదా?"

ఓడ మడతలో ఉంది. నా కాళ్ళ ముందే ఉంది. వంగి, కుట్టు తెంపి, మడత విప్పితే చాలు. చెన్నమ్మత్త నా వైపే చూస్తోంది, ఇప్పుడు చెబుతాడులే అన్న ధీమాతో. నాకు ఇద్దరు దొరల బంగళాలు కనిపించాయి. దొరసాని ముఖం కనిపించింది, మోసపోయానని తెలిసిన ముఖం. బట్లరు నవ్వు కూడా వినిపించింది.

"పాతదే," అన్నాను.

ఆ ఒక్క మాటే. తెరలు కుట్టినవాణ్ణి నేనే తెర వెనక్కి పోయాను. దొరసాని ఆడుతూ పోయింది. నేను బతకడానికి పోయాను.

మా వైపు మెట్టచేలకు గొర్రెల మంద లేనిదే పంట లేదు. ఎండాకాలం చేలో మంద కట్టించుకుంటే ఆ ఎరువుకు జొన్న పండుతుంది, రైతు మందవాళ్ళకు గింజలు కొలుస్తాడు. వాళ్ళ బతుకు అదే. చెన్నమ్మ మందను ఎవరూ చేలో కట్టించుకోకూడదని పంచాయతీ తీర్పు చెప్పింది. అమ్మవారి గుడ్డ దొంగిలించిన ఇంటి గొర్రె అడుగు పెడితే చేనుకు అరిష్టమన్నారు. చుట్టుపక్కల పల్లెలకూ ఆ మాట పాకింది, ఏ తీగా అంత తొందరగా పాకదు.

వాళ్ళు యర్రగొండపాలెం వైపు కదిలారు. పోతూ పోతూ ఆమె నా వసారా ముందు ఆగింది. మంద ముందుకు సాగిపోతోంది, దుమ్ము లేస్తోంది. నేను మిషను తొక్కుతున్నట్లు నటించాను. సూదిలో దారం కూడా లేదు.

"అల్లుడా, ఒగ మాట అడగతా."

నేను మిషను ఇంకా గట్టిగా తొక్కాను.

"ఆ పొద్దు గుడ్డ ఆరేసినప్పుడు నా దొడ్లో ఎగిరినావే. ఆ ఎగురుడు నిజమేనా?"

తిడుతుందనుకున్నాను. మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాను. ఇది అడుగుతుందనుకోలేదు.

"నిజమే అత్తా."

"సరే అయితే. ఒగటన్నా నిజం చెప్పినావు," అంది. అని, పోయింది.

ఆమె మనసులో ఏముందో ఈనాటికీ నాకు తెలియదు. ఎకసెక్కమా? జాలా? ఆ రోజు నాతో పాటు చప్పట్లు కొట్టినందుకు, ఆ చప్పట్లైనా వృథా కాలేదని తెలుసుకోవాలనుకుందా? ఎన్ని విధాలుగా తిప్పి చూసినా ఆ మాటకు మంచి వైపు ఏదో, తిరగ వైపు ఏదో తేల్చుకోలేకపోయాను. గుడ్డకైతే క్షణంలో చెబుతాను.

తర్వాత ఒకసారి యర్రగొండపాలెం పోయి అడిగాను. వెంటనే కాదు, చాలా ఏళ్ళకు. ధైర్యం రావడానికి అంత కాలం పట్టింది. కొండ దాటి పోయినారని ఒకరు, ఆమె పోయి చాలా కాలమైందని ఒకరు, ఆ పేరే వినలేదని ఒకరు. తిరిగి వచ్చాను. ఊరట కలిగిందా అని మీరడిగితే, ఔను, కలిగింది. దొరకనందుకు. అంతటివాణ్ణి నేను.

దొరసాని ఆ తెరను మునసబుకు ఇచ్చేసింది. మేళతాళాలతో తీసుకుపోయి అమ్మవారి పైన చాందినీగా కట్టారు. దొరలు బదిలీ అయిపోయారు. మునసబు కాలం చేశాడు. నేను మాత్రం ఏటా తిరునాళ్ళకు పోయి, నా మిల్లు గుడ్డ కింద నిలబడి దండం పెట్టుకున్నాను. అమ్మవారికి ఓడ సంగతి తెలుసు. ఆమె తల మీదే ఉంది కదా. ఏమీ అనలేదు. అనకపోవడమే బరువు.

నిన్న మునసబు కొడుకు ఆ చాందినీ తెచ్చి నా మిషను మీద పెట్టాడు. "ఎలకలు కొట్టినాయి మామా. శుక్రవారం లోపల కుట్టియ్యాల. నీ చేతిదే గదా, నువ్వే కుట్టాల," అన్నాడు. నా చేతిదే. పాపం, తెలియక ఎంత నిజం చెప్పాడు!

గుడ్డను పరిచాను. ఇప్పుడది నిజంగానే పాతది. ఎరువుతో, కరక్కాయతో పని లేకుండా, ధూపం పొగకూ ఏళ్ళకూ తనంతట తానే పాతదైంది. నేను ఆనాడు చెప్పిన అబద్ధం ఇన్నాళ్ళకు నిజమై కూర్చుంది. ఇంక విప్పడం ఎందుకు, పోనిద్దువూ, అని లోపలి వెధవ అన్నాడు కూడా.

కుట్టు విప్పాను. నా కుట్టు గట్టిది, వేళ్ళు నొప్పి పుట్టాయి. మడత తెరుచుకుంది. ఓడ! నీలి ఓడ, నిన్న మొన్న రేవుకు వచ్చినట్లు, ఒక్క గీత చెదరలేదు. ఓడను చూసి నేను ఓడిపోయాను, ఓడిపోయి ఇంత హాయిగా ఉండటం ఎప్పుడూ ఎరుగను. ఎలుక కొట్టిన చోటల్లా అతుకు వేశాను. అంచు మళ్ళీ మడిచాను, ఈసారి బయటివైపుకు. ఓడ పైకి ఉంది. చుట్టూ ఎర్రదారంతో కుట్టాను, దాచడానికి కాదు, కనబడడానికి.

ఇప్పుడది వసారా ముందు తీగ మీద వేలాడుతోంది. నేను పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. దారిన పోయేవాళ్ళు చూసి ఆగుతున్నారు. ఇందాక ఒక బండివాడు అడిగాడు, "ఏందన్నా, అమ్మవారి గుడ్డ మింద ఓడేంది?" అని. "కూచో, మునసబు కొడుకును రానీ, ఇద్దరికీ కలిపి చెప్తా," అన్నాను. బండి విప్పి కూర్చున్నాడు.

దీనివల్ల చెన్నమ్మత్తకు ఒరిగేదేమీ లేదు. ఆమె మంద మళ్ళీ ఏ చేలోకీ రాదు. ఊరు నన్ను క్షమించాలని నేను అడగబోవడం లేదు. అడగవలసింది ఒక్కరినే, ఆమె లేదు. ఆ రోజు చావడిలో ఆమె మాట మీద నవ్విన ఊరు, ఆమె చెప్పిందే నిజమని ఒక్కసారి వినాలి. అంతే.

అదిగో, మలుపులో మునసబు కొడుకు తల కనిపిస్తోంది. గాలికి గుడ్డ లేచింది. నేనూ లేచాను. గుండె ఎగురుతోంది.

ఈ ఎగురుడు కూడా నిజమే, అత్తా.